రుచి చూడని మైల్డ్

ఈ ఉదయం వేయించిన బార్లీ మీద వేడినీళ్ళు పడగానే, అడుగంటిన రాగిజావ లాంటి వాసన గదంతా కమ్ముకుంది. నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ముందు సింహాచలం కొండ మీది స్వామికి, ఆ తరువాత అప్పారావు గారికి. ఈ బీరు తయారీశాలలో నాకు పని నేర్పిన మనిషి ఆయన.

ఎన్నో ఏళ్ళు ఓడల్లో వంటచేసిన అప్పారావు గారు ఇంగ్లండు రేవుల్లో మైల్డ్ అనే బీరు మీద మనసు పడ్డారు. అక్కడ గనుల్లో, కొలుముల్లో పనిచేసేవాళ్ళు డ్యూటీ దిగాక తాగేదట. చూపుకు నల్లగా, భయపెట్టేలా ఉంటుంది. లోపల మాత్రం మెత్తటి తీపి, కొంచెం చేదు, మరీ కొంచెం మత్తు. "మనకీ కొలుములున్నాయి కదమ్మా, మరి ఇదెందుకు లేదు?" అనేవారు.

నేను బడి ముఖం చూడలేదు. అమ్మే ఇంట్లో చదివించింది. పాత్రలు కడిగే పనికి వచ్చి, దేవుడికి మొక్కుంది, మద్యం ముట్టనని ముందే చెప్పేశాను. పొమ్మంటారనుకున్నాను. ఆయన గరిటెతో నల్లటి కషాయం పట్టుకొచ్చారు.

"ఈస్టు పడ్డాకే తల్లీ, ఇది బీరయ్యేది. ఇప్పుడైతే ఉత్త బార్లీ నీళ్ళే. తీపెలాగుందో సెప్పు, సాలు. నీ దేవుడికీ కోపం రాదు, నా పనీ ఆగదు."

ఆ రోజు నుంచి ఎప్పుడు కాచినా మొదటి గరిటె నాదే. నా నియమాన్ని ఆయన ఒక్కనాడూ ఎగతాళి చేయలేదు.

కానీ మైల్డ్‌ని అడిగేవాళ్ళే లేకపోయారు. యజమాని విజయవాడ వైపు మనిషి; ఒకరోజు తేల్చి చెప్పేశారు. "కిక్కు లేకపోతే ఎవరు తాగుతారండీ? బెల్లం పోసి గట్టిగా చేయండి. లేదంటే ఇదే ఆఖరు."

"బెల్లం పోత్తే మత్తు పెరుగుతాది బాబూ. అప్పుడది మైల్డెలాగవుతాది?" అన్నారు అప్పారావు గారు. ఆ ఆఖరుదాన్నీ ఎప్పటిలాగే కాచారు. నేను గరిటె నోట పెట్టుకున్నాను. రాగిజావ, వెనకాల వేయించిన శనగల కమ్మదనం. "బాగుందండీ" అన్నాను.

అది తయారైన సాయంత్రం, కూర్మన్నపాలెం నుంచి ఉక్కు కర్మాగారం మనుషులు నలుగురు షిఫ్టు దిగి, మా దగ్గర కూర్చుని తాగే ముందుగదికి వచ్చారు. అప్పారావు గారే గ్లాసులు పట్టుకెళ్ళారు. వాళ్ళలో ఒకాయన గ్లాసులోకి తొంగిచూసి, "ఏటి బావా, తారులాగుంది! పడగొట్టేత్తాదేటి?" అన్నాడు.

"ఇది పడగొట్టదు. నీ కబుర్లకే మీవోళ్ళు పడిపోతారు."

నవ్వుకుంటూ తాగారు. చాలాసేపు కూర్చున్నారు. నేను గ్లాసుల వంకే చూస్తుంటే అప్పారావు గారు మెల్లగా అన్నారు: "గ్లాసుల్ని కాదమ్మా, కుర్సీల్లోంచి ఎలా లేత్తారో సూడు."

నలుగురూ తిన్నగా లేచారు. "ఇంటికెళ్ళి మా పిల్ల సేత లెక్కలు సేయించాలి. ఇదైతే పర్లేదు" అన్నాడు, ఇందాక తారులాగుందన్న ఆయన. మరుసటి వారం వాళ్ళ సెక్షన్ అంతా వచ్చింది. యజమాని మళ్ళీ బెల్లం మాటెత్తలేదు.

అప్పారావు గారు కిందటేడు కాలం చేశారు. ఇప్పుడు మైల్డ్ కాచేది నేనే. తయారైన మైల్డ్ నా నాలుక మీద ఇంతవరకూ పడలేదు, పడదు కూడా. సాయంత్రం తలుపు దగ్గర నిలబడి, మనుషులు కుర్చీల్లోంచి లేవడం చూస్తాను. తిన్నగా లేచి, చెప్పులు వెతుక్కోకుండా తొడుక్కుని, ఇంటివైపు నడుస్తారు. బాగానే కుదిరిందండీ, అని ఆయనకు చెప్పుకుంటాను.