వేపమండ కట్టిన వాకిలి

ఉగాది ముందురోజు కొత్తపేట రైతుబజారుకు వెళితే నేను వేపపువ్వు అమ్మేవాళ్ళ వైపు నడవను. ఆ చేదు వాసన తగిలితే చాలు, మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనై, పండ్ల మార్కెట్ వెనక సందులోని మా కిరాయి ఇంట్లో అక్క మంచం పక్కన నిలబడతాను.

ఆ వేసవి మొదట్లో అంతా మామిడిపండే. దిగుతున్న లారీల చప్పుడు, సందంతా పరిగడ్డి, మాగిన కాయల తీపి వాసన, దాని వెంట ఈగలు. పోచంపల్లి పక్క ఊళ్ళో మగ్గం వదిలి వచ్చిన నాయనమ్మ ఒక్కో రసం పండునూ మెత్తగా పిసికి, జీడి పిండేసి, అక్కకొకటి నాకొకటి ఇచ్చేది. అమ్మ లేని మాకు అన్నీ ఆమే. అక్కకు అప్పుడే ఒకసారి ఫిట్స్ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో పనిచేసే నాన్న, డాక్టరు రాసిన మాత్ర రెండుపూటలా మింగించే పని నాకు అప్పగించాడు. ఆ పెత్తనం నాకెంత గర్వమో! నాలుక కింద దాచుకుందేమోనని నోరు కూడా తెరిపించేదాన్ని.

రెండు వారాలు తిరిగేసరికి అక్కకు జ్వరం, ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు. నాయనమ్మ చూడగానే చెంపలు వేసుకుంది. "తల్లి పోసింది బిడ్డా" అని వాకిలికి వేపమండ కట్టి, కూరల్లో పోపు మానేసింది. ఇంట్లోకి ఎవరూ రాకూడదు, దవాఖానకు పోకూడదు, మందు వేయకూడదు. నాన్న ఎదురు చెప్పలేదు. ఫిట్స్ మాత్ర సంగతి ఎవరికీ గుర్తులేదు. మానేస్తే అక్క మళ్ళీ కొట్టుకుంటుందని భయపడి, నేను చాటుగా వేస్తూనే ఉన్నాను.

మూడోనాటికి పెదవులు పగిలి నెత్తురు కారింది, కళ్ళు అంటుకుపోయాయి. వేపాకు పరిచిన దుప్పటి తీస్తుంటే దానితోపాటు వీపు చర్మం ఊడి వచ్చింది. అక్క అరుపు విని, పైన అద్దెకుంటూ దవాఖానలో పనిచేసే గుంటూరు నర్సమ్మ మండను పక్కకు తోసి లోపలికి వచ్చేసింది.

"ఇది అమ్మవారు కాదు పిన్నిగారూ. పిల్లకి మందులేమన్నా వాడుతున్నారా అండీ?"

"ఒక్క గోలీ గూడ ఎయ్యలేదమ్మా" అంది నాయనమ్మ.

ఆమె అబద్ధమాడలేదు, నేను చాటుగా వేస్తున్నది ఆమెకు తెలియదు. నేను బియ్యం డబ్బా వెనక దాచిన మాత్రల అట్ట తెచ్చి నర్సమ్మ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చదివి, "ఇంక ఒక్కటి కూడా వెయ్యకమ్మా" అని, అక్కను దుప్పట్లో చుట్టి ఆటో ఎక్కించింది.

అక్క నెలపైన దవాఖానలో ఉంది. ఆ మాత్ర ఎక్కడో ఒకరికి ఇట్లా పడదని డాక్టరు చెప్పాడు. బతుకుతుందో లేదో మాత్రం చాలా రోజులు చెప్పలేదు. వరండాలో నేను ఏడుస్తుంటే నాయనమ్మ దగ్గరికి లాక్కుని, "మండ గట్టింది నేను గద బిడ్డా, నువ్వేంజేసినవ్" అంది.

పండ్ల మార్కెట్ ఇప్పుడు అక్కడ లేదు. సందులో మామిడి వాసనా లేదు. అక్క మాత్రం ఉంది, బడంగ్‌పేట్‌లో. ఆమె పర్సులో, తనకు పడని మందు పేరు రాసిన చీటీ, కళ్ళలో వేసుకునే చుక్కల సీసా ఎప్పుడూ ఉంటాయి. ఆ జబ్బుతో ఆమె కళ్ళలో నీరు శాశ్వతంగా ఎండిపోయింది. పోయినేడు నాయనమ్మ పోయినప్పుడు అక్క పొడికళ్ళతో గుండెలు బాదుకుని ఏడ్చింది. చుట్టాలు వింతగా చూశారు. నేను ఆమె పర్సులోంచి సీసా తీసి, దానిమీది పేరు రెండుసార్లు చదివి, అక్క తల వెనక్కి వంచి చుక్కలు వేశాను. అవే చెంపల మీదికి జారాయి.