బరాత్ బండికి కరెంటు చాలనప్పుడు

2023 ఎండాకాలం. కరీంనగర్‌లో బైపాస్‌కు వెళ్లే దారిలో, టైర్ల దుకాణం పక్కన నా కారు ఎలక్ట్రికల్ షాపు. బండ్లకు వైరింగ్ చేయడం, సౌండ్ సిస్టమ్ బిగించడం ఇరవై ఏళ్లుగా నా పని. ఈ పనిలో నాకు గౌరవం దక్కిన సందర్భాలు తక్కువ. షోరూమ్ వాళ్లు నా చేయి పడిన బండి కనిపిస్తే ఎవడు చెడగొట్టాడని అడుగుతారు. కొనేవాళ్లు నా దగ్గర గంటసేపు కూర్చుని సలహా తీసుకుని, సామాను మాత్రం హైదరాబాద్‌లో కొంటారు. అలా చేసిన వాళ్లందరి ముఖాలూ నాకు గుర్తున్నాయి.

వాళ్లలో ఒకడు జమ్మికుంట సమ్మయ్య. మస్కట్‌లో డ్రైవర్‌గా చాలా ఏళ్లు చేసి వచ్చి బొలెరో కొన్నాడు. వెనకభాగంలో పెద్ద స్పీకర్లు పెట్టి పెళ్లి ఊరేగింపులకు, అంటే మా వైపు బరాత్‌లకు, కిరాయికి తిప్పాలని ఆలోచన. ఏ ఆంప్లిఫయర్ కొనాలి, ఎంత మందం వైరు కావాలి అని నన్ను అన్నీ అడిగాడు. చెప్పాను, చాయ్ కూడా తాగించాను. లేచి వెళ్తూ, షాపులో నలుగురు ఉండగా, "గింత పెద్ద సెట్టు నీతోని గాదు తియ్ శ్రీనన్నా, పట్నంల చేయించుకుంట" అన్నాడు. పట్నంలోనే, అంటే హైదరాబాద్‌లోనే, చేయించుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత, ఆ ఎండాకాలం పెళ్లిళ్ల రోజుల్లో, అదే బొలెరో నా షాపు ముందు ఆగింది. ఈసారి భార్య లచ్చవ్వ కూడా దిగింది. జరిగిందేమిటో ఆమే చెప్పింది. ఒక బరాత్‌లో పాట మధ్యలో సౌండ్ ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ ఆగింది. చివరికి ఇంజనే ఆగింది. పెళ్లికొడుకు నడివీధిలో నిలబడిపోయాడు, వాళ్ల మేనమామలు సమ్మయ్యను నానా మాటలూ అన్నారు. ఎవరో వీడియో తీసి వాట్సాప్‌లో తిప్పారు. మాట్లాడుకున్న పెళ్లిళ్ల వాళ్లు ఒక్కొక్కరే వద్దన్నారు. మిగిలింది ఊళ్లోనే ఒక్క బరాత్. అది కూడా చెడితే బండి అమ్మేసి తిరిగి మస్కట్ పోతానని సమ్మయ్య ఏజెంటుకు పాస్‌పోర్టు ఇచ్చేశాడు.

"శ్రీనన్నా, జర చూడరాదా" అన్నాడు సమ్మయ్య, నా వైపు చూడకుండా.

"నాతోని గాదన్నవు గద. ఇప్పుడెట్లయితది?" అన్నాను.

లచ్చవ్వ మధ్యలోకి వచ్చింది.

"ఆయన నోటి సంగతి నాకెర్కలేదా అన్నా? పెండ్లయిన కాణ్ణుంచి పడుతున్న. గని బండి నా పేరు మీదున్నది. నాకు చేస్తున్ననుకో."

ఆమెకు చేస్తున్నాననుకునే బానెట్ ఎత్తాను.

పట్నంలో పెద్ద బ్యాటరీ పెట్టారు, ఆంప్లిఫయర్లకు లావు ఎర్ర వైరు లాగారు. అంతవరకు బాగానే ఉంది. అయితే బ్యాటరీ కరెంటును దాచుకుంటుందే తప్ప తయారు చేయదు. ఇంజన్ తిరుగుతుంటే బెల్టుతో తిరిగి కరెంటు తయారు చేసేది ఆల్టర్నేటర్. ఈ బండిలో అది కంపెనీ నుంచి వచ్చిన పాతదే. దాని నుంచి బ్యాటరీకి వచ్చే వైరూ సన్నని పాతదే. వెళ్లిన కరెంటు తిరిగి రావడానికి ఇనుప చట్రానికి బిగించే ఎర్తింగ్‌ను రంగు గీకకుండా పెయింట్ మీదే బిగించారు. "ట్యాంకు పెద్దది కట్టిన్రు, బోరు మోటరు మార్చలేదు" అని లచ్చవ్వకు చెప్పాను. వెంటనే అర్థమైపోయింది ఆమెకు.

మూడు వైర్లు మార్చాను. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి ఒకటి, బ్యాటరీ నుంచి చట్రానికి ఒకటి, ఇంజన్ నుంచి చట్రానికి ఒకటి. మా పనిలో బిగ్ త్రీ అంటారు. ఎర్తింగ్ దగ్గర రంగు గీకి ఇనుము తెల్లగా మెరిసేదాకా తుడిచాను. బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ పెట్టాను, ఎక్కడైనా వైరు ఒరుసుకున్నా బండి అంటుకోకుండా. ఆల్టర్నేటర్ కూడా పెద్దది తెప్పించి వేశాను. సమ్మయ్యను ఎక్కించుకుని బైపాస్ మీద తోలాను. సౌండ్ నిండా పెట్టినా మీటరు పద్నాలుగు వోల్టుల దగ్గరే నిలబడింది. హెడ్‌లైట్లు కొంచెం కూడా మసకబారలేదు. అతనేమైనా అంటాడేమోనని చూశాను. అతను పాట మార్చాడు.

షాపు ముందు దిగి తాళం చెవి లచ్చవ్వకు ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు.

"గట్ల ఉర్కిచ్చి చూస్తే ఏం ఎర్కయితదన్నా? బరాత్‌ల బండి ఉర్కుతదా? ముంగట మేమెగురుతం, మా ఎన్క అది పాక్కుంట వస్తది."

నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఈమె కూడా నా పని నాకు చెబుతోంది అనుకున్నాను. "అయితే ముంగట నువ్వు నడువు చెల్లె, ఎన్క నేను తోల్త" అని ఎకసెక్కంగానే అన్నాను.

ఆమె నిజంగానే నడిచింది. కొంగు నడుముకు చుట్టి మా షాపు పక్క సందులోకి దిగింది. రెండడుగులు ముందుకు వేసి ఆగేది, తిరిగి బండి వైపు మొహం పెట్టి చేతులు ఊపేది, మళ్లీ ఒకడుగు. సందు మొదట్లోని ఇంటి ముందు చాలాసేపు ఆగిపోయింది. ఎందుకని అడిగితే, పెళ్లికొడుకు మేనత్త ఇల్లనుకో, ఆమె ఎగరకుండా, అంటే ఆడకుండా, బరాత్ కదలదు అంది. టైర్ల దుకాణం వాళ్లు పని ఆపి చూస్తున్నారు. "ఓ అక్కా, పెండ్లికొడుకు ఏడున్నడే?" అని ఎవరో అడిగితే, "బండ్లె కూసున్నడు, మొకం మాడ్చుకోని" అంది. సమ్మయ్య నా పక్కనే ఉన్నాడు.

నేను మీటరు చూస్తున్నాను. ఆ ఎండలో, ఇంజన్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, తిరుగుతుంటే, పన్నెండున్నర. మేనత్త ఇంటి ముందు పన్నెండు. ఆ తర్వాత పదకొండుకు వచ్చింది, ఆంప్లిఫయర్ తనను తాను కాపాడుకోవడానికి ఎర్రలైటు వేసి ఆగిపోయింది. సందంతా చప్పుడు లేకుండా అయింది. లచ్చవ్వ వెనక్కి తిరిగి చూసింది. నవ్వలేదు. "గిదే అన్నా" అంది.

ఇంజన్ మెల్లగా తిరిగితే ఆల్టర్నేటరూ మెల్లగా తిరుగుతుంది, కరెంటు సగానికి పడిపోతుంది. ఇది ఈ పని చేసే ప్రతివాడికీ తెలుసు. బండి పరుగెత్తక గాలి తగలదు కాబట్టి వేడికి ఇంకా తగ్గుతుంది. పట్నంలో చేసినవాళ్లూ బండిని రోడ్డు మీదే చూసి ఉంటారు. దాని అసలు పని పరుగా, నడకా అని అడిగినవాడు లేడు. అడగకపోయినా చెప్పింది లచ్చవ్వే.

ఆల్టర్నేటర్‌కు చిన్న పుల్లీ వేశాను. బెల్టు తిరిగే చక్రం చిన్నదైతే అదే ఇంజన్‌కు ఆల్టర్నేటర్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది. దూరాలకు జోరుగా పరుగెత్తే బండికి ఇది మంచిది కాదు, మేనత్తల ఇళ్ల ముందు ఆగే బండికి సరిపోతుంది. ఇంజన్ స్లో కూడా కొంచెం పెంచాను. మళ్లీ లచ్చవ్వను నడవమన్నాను. ఈసారి ఎకసెక్కంగా అనలేదు. ఆమె ఇంకా ఎక్కువసేపు ఆగింది. మీటరు పదమూడు దిగలేదు.

ఆ మిగిలిన ఒక్క పెళ్లి రోజు సాయంత్రం నేనూ జమ్మికుంట వెళ్లాను. పిలవలేదు, అది కూడా గుర్తుంది. సమ్మయ్య పక్క సీట్లో మీటరు పట్టుకుని కూర్చున్నాను. పత్తి మార్కెట్ ముందు మేనత్తలు ఎంతకీ కదల్లేదు. సమ్మయ్య మాటిమాటికీ నా చేతిలోని మీటరు వైపు చూశాడు. పాట మీద పాట, సౌండ్ ఒక్కసారి కూడా తొణకలేదు. పెళ్లింటి ముందు బండి ఆపాక పెళ్లికొడుకు మేనమామ వచ్చి తన కొడుకు పెళ్లికీ ఇదే బండి రావాలని చెప్పి వెళ్లాడు. సమ్మయ్య దిగి ఏజెంటుకు ఫోన్ చేశాడు. "నా పాస్‌పోర్టు వాపస్ ఇయ్యి. నేనొస్తలేను" అన్నాడు. లచ్చవ్వ అతని పక్కనే నిలబడి ఉంది. వెళ్లి బండి వెనక తలుపు గొళ్లెం పడిందో లేదో చూసుకుంది.

సమ్మయ్య నాకు ఇప్పటివరకు ఒక మంచి మాట చెప్పలేదు. ఎదురుచూస్తూనే ఉన్నాను. అతను చెప్పకపోయినా ఆ పనితో నాకు దక్కినది దక్కింది. ఇప్పుడు ఏ బండి వచ్చినా ముందు బానెట్ ఎత్తను. ఇది రోజంతా ఏం చేస్తుంది, ఎంత మెల్లగా పోతుంది, ఎక్కడెక్కడ ఆగుతుంది అని అడుగుతాను. బండి రోజూ ఎలా బతుకుతుందో అలాగే దాన్ని నడిపి చూశాకే తాళం చెవి ఇస్తాను. ఇది నేర్పినందుకు లచ్చవ్వకు కృతజ్ఞతలు. ఆమె ఎదురుపడ్డప్పుడల్లా చెబుదామనుకుంటాను, పక్కన సమ్మయ్య ఉంటాడు, నోరు రాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.