ఖణీమనని ఏనుగు

మదనపల్లె మట్టిబొమ్మల అక్క ఏ బొమ్మనైనా కొనేవారికి ఇచ్చే ముందు వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేది. పగులు లేకుండా ఖణీమని మోగితేనే ఇచ్చేది. పుంగనూరు తిరునాళ్లలోనైనా, సింగపూరు ప్రదర్శనలోనైనా అదే పద్ధతి. సింగపూరులో ఆమెకూ భర్తకూ అక్కడి భాష రాదు. పత్రిక తరఫున వెళ్లిన నేనే వాళ్ల మాట వీళ్లకూ వీళ్ల మాట వాళ్లకూ చెప్పేవాణ్ణి.

ఆ రోజు ఒక హోటలు యజమాని పెద్ద ఏనుగు బొమ్మ మీద మనసుపడ్డాడు. తన హోటలు వాకిట్లో నిలబెడతానన్నాడు, నలుగురూ మెచ్చితే ఏటా వీళ్లను పిలిపిస్తానన్నాడు. నేను ఆ మాట చెప్పగానే అక్క తట్టడానికి వేలు ముడిచింది. భర్త గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“దీన్ని తట్టొద్దు మే. విమానంలో సీలింది. పొద్దున్నే లక్క పూసి కావిరంగు రుద్దినా. ఎవురికీ కనపడదులే.”

అక్క చెయ్యి విడిపించుకుని తట్టింది. ఏనుగు ఓటికుండలా పలికింది. యజమాని అదేదో పూజ అనుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

“ఇది పగిలుండాదని ఆయనకు సెప్పప్పా,” అంది నాతో.

వద్దన్నట్టు భర్త నా వైపు చూశాడు. అయినా యజమానికి చెప్పాను. యజమాని ఏనుగు మీది నుంచి చెయ్యి తీసేసి పక్క అంగడికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఊరు చూపించే బస్సులో భర్త ఏ మేడనూ చూడలేదు.

“నువ్వు గమ్మునుంటే ఏటా ఈడికి వచ్చే దావ ఉండె,” అన్నాడు.

“వచ్చి ఏం సేస్తాము? వాకిట్లో అది రెండు ముక్కలై పడుంటే, పక్కన నిలబడి ఫొటో తీసుకుంటామా?” అంది అక్క.