చదివితే చెరిగే రేకు

అందరూ ఆమెను ప్రింటింగక్క అంటారు. యాభై నాలుగేళ్ళు. అందులో సగం తమ్ముడి దుకాణంలో సీసాలకూ డబ్బాలకూ లేబుళ్ళు అచ్చువేయడంలోనే గడిచాయి. రెండేళ్ళుగా పరిశోధనశాలలో మూడో గది ఆమెది. చెక్క బల్ల, చట్రానికి జాలీగుడ్డ బిగించిన స్క్రీను, దాని మీద సిరా లాగే రబ్బరు పట్టీ అవే. అచ్చు మాత్రం వేరు.

పలచని ప్లాస్టిక్ రేకు మీద అయిదు వెండి గీతలు. వాటి మీద పాలలాంటి సిరా ఒక పొర. దాని మీద అడ్డంగా మరో అయిదు గీతలు. గీత గీతను దాటే చోట ఒక గడి, మొత్తం ఇరవై అయిదు. కరెంటు తాకిస్తే ఒక్కో గడి ఒక్కో సంగతి గుర్తుపెట్టుకుంటుంది: 'ఉంది' అనో, 'లేదు' అనో. మందుల పెట్టెలకు అతికించే చవక లేబుల్ కోసం ఈ తిప్పలు. చిప్పులు పెడితే గిట్టుబాటు కాదు.

సోమవారం ఇంజినీరమ్మ రేకులో రాస్తుంది. వారం తర్వాత చదువుతుంది. చదవగానే ఉన్నది చెరిగిపోతుంది. ఆ సిరా స్వభావమే అంత.

రెండు రేకులకు వరసగా ఏడో రోజున అన్నీ సున్నాలే వచ్చాయి, ఏ గడిలోనూ ఏమీ లేదు.

"సిరా పలచనైందేమో," అన్నాడు మేనేజరు. ఆయన చదువు వేరు, కుర్చీ వేరు.

అక్క సిరా మళ్ళీ వడగట్టింది. గుడ్డ మార్చింది. స్క్రీను మూడుసార్లు కడిగింది.

"మూడో రేకు కూడా పోతే బల్ల తీసేస్తాం. ఆ గదికి వేరేవాళ్ళున్నారు," అన్నాడాయన.

ఇంట్లో తమ్ముడికి నవ్వులాట.

"వచ్చెయ్యక్కా. మన లేబుళ్ళకి మతిమరుపుండదు."

"నోర్మూసుకుని తిను."

"నిజం చెప్పు, మతిమరుపు రేకుకా, నీకా?"

దుకాణంలో పట్టీ ఎలా పట్టుకోవాలో కూడా తమ్ముడే చెప్పేవాడు. ఇక్కడ ఎవరూ చెప్పలేదు. ఈ బల్ల పోతుందంటే అదే బాధ.

మర్నాడు ఆ కోపంతోనే పాడైన రేకును భూతద్దం కింద పెట్టింది. సిరాలో లోపం కనిపించలేదు. ప్రతి గీత చివరా వెండి మీద, కరెంటు తాకించే సూది గుచ్చిన గుర్తులు కనిపించాయి. రాసినప్పుడు ఒకటి, చదివినప్పుడు ఒకటి, రెండే ఉండాలి. అయిదున్నాయి.

"దీన్ని ఎవరు పొడిచారు?"

ఇంజినీరమ్మ తెల్లబోయింది. గుమ్మంలో ఉన్న మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"ఎవరో చూడ్డానికొస్తే చూపించానమ్మా. ఊరికే, ఒక్క చూపు."

"ఎన్నిసార్లు సార్?"

"ఓ మూడుసార్లు. మొదటిసారి భలే వచ్చింది తెలుసా! తర్వాతే ఎందుకో రాలేదు."

"చదవొద్దని చెప్పాను కద సార్!" అంది ఇంజినీరమ్మ.

"చదవలేదమ్మా, చూశానంతే."

అక్క తల పట్టుకుంది.

ఇంజినీరమ్మ రాసిన మూడో రేకును బీరువాలో పెట్టి, బీరువాకు అడ్డంగా తన కుర్చీ వేసుకుంది. ఆయన రోజూ వచ్చాడు.

"ఒక్కసారమ్మా."

"వద్దు సార్."

"బతికే ఉందంటావా?"

"మీరు చూడకపోతే ఉంటుంది."

ఏడో రోజు పదింటికి చదువుతామని ఆయనకు ముందే రాసిచ్చారు. పదింటికి ఆయన రాలేదు. చదివారు. ఇరవై అయిదింటికి ఇరవై నాలుగు నిలిచాయి. ఇంజినీరమ్మ ఆ లెక్క కాగితం మీద రాసి సంతకం పెట్టింది. అక్క కూడా పెట్టింది.

పదిన్నరకు ఆయన వచ్చాడు.

"నేను లేకుండా ఎలా చదివారు? మళ్ళీ చదవండి."

"మళ్ళీ చదివితే సున్నాలొస్తాయి సార్."

"రానీ, చూద్దాం."

చదివారు. సున్నాలు.

"చూశారా, పనిచెయ్యట్లేదు," అన్నాడు, బాధగానే.

అక్క కళ్ళు మూసి తెరిచింది. కాగితం ఆయన ముందుకు జరిపింది.

"ఇది చదవండి సార్. ఎన్నిసార్లు చదివినా చెరగదు."

ఆయన చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు. మళ్ళీ చదివాడు. మూడోసారి మొదలుపెట్టబోతుంటే అక్క కలం మూత తీసి ఆయన చేతిలో పెట్టింది.

బల్ల ఉండొచ్చని రాసి, కింద ఆయనా సంతకం పెట్టాడు.