గూడబాతుల కావలిమనిషి

దొరవారిసత్రానికి ఆమడ దూరంలో ఉన్న ఆ ఊరి చెరువులో కడప చెట్లు అడవిలా పెరిగాయి. వానలు పడితే సగందాకా నీళ్లలో మునిగి నిలబడతాయి. కార్తీకంలో గూడబాతులు వచ్చి వాటి మీద గూళ్లు కట్టుకుంటాయి. వాటి రెట్ట కలిసిన నీళ్లు పారిన చేనుకు వేరే ఎరువు అక్కర్లేదు. అందుకే ఆ పిట్టల మీద చెయ్యి వేసినవాణ్ణి ఊరు వదిలిపెట్టేది కాదు.

ఆ చెరువుకు కావలి యానాదుల చెంచమ్మ. తెల్లవారింది మొదలు కట్ట మీద తిరుగుతూ వేటగాళ్లనూ నక్కలనూ తరిమేది. గూటిలోంచి జారిపడ్డ పిల్లలను తెచ్చి, చేపముక్కలు నోట్లో పెట్టి సాకేది. అందుకు రైతులు కోతలప్పుడు కళ్లంలో ఇన్ని గింజలు పెట్టేవాళ్లు. వాటితోనే ఆమె, మొగుడు ఆదెయ్య, మంచం పట్టిన అత్త బతికేవాళ్లు.

పందొమ్మిది వందల అరవై రెండు మాఘంలో ఒకరోజు గుడిసె వెనక బూడిదలో ఆమెకు ఈకలు కనిపించాయి. తాను సాకుతున్న పిల్లవే.

"అమ్మ నడుం పడిపోయుండాది. దీని కొవ్వు కాచి రుద్దితే లేస్తాదన్నారు," అన్నాడు ఆదెయ్య తల ఎత్తకుండా.

చెంచమ్మకు కోపం ముంచుకొచ్చింది. ఈ సంగతి ఇంకొకరు పసిగడితే యానాదుల పాలెం మొత్తాన్ని తరిమేస్తారన్న భయం కూడా పట్టుకుంది. తానే ముందు చెబితే మందలింపుతో పోతుందనుకుని నేరుగా ఊరిపెద్ద జయరామయ్య దగ్గరికి పోయింది.

"తప్పు చేసినాడయ్యా. ఒక మాట మందలించండి. కొట్టబాకండి."

"కొట్టంలే చెంచమ్మా. నువ్వు నిజం చెప్పినావు గదా," అన్నాడాయన.

కొట్టలేదు. మర్నాడు పొద్దు పొడవగానే ఆదెయ్యను రొమ్ములోతు నీళ్లలోకి నడిపించి, గూళ్లున్న చెట్టుకు కట్టేశారు. పొద్దు గూకేదాకా విప్పొద్దన్నారు.

"నువ్వే గదా కావలి? కట్ట మీద కూర్చో," అన్నాడు జయరామయ్య.

జనం తిరనాళ్లకు వచ్చినట్టు వచ్చారు. పైనుంచి రెట్ట అతని నెత్తిన, కళ్లలో పడుతోంది. తుడుచుకోడానికి చేతుల్లేవు.

"చెంచీ, నీళ్లియ్యే!" అని అరిచాడు. నీళ్లలో నిలబడి నీళ్లడుగుతున్నాడని అందరూ నవ్వారు. ఆమె లేవబోతే ఎవరో కర్ర అడ్డం పెట్టారు. మధ్యాహ్నం తర్వాత అతను పిలవడం మానేశాడు.

విప్పేసరికి కాళ్లు నిలవలేదు. పది రోజులకు ఒక కన్ను పోయింది. నడవగలిగిన రోజున తల్లికి కూడా చెప్పకుండా శ్రీహరికోటకు, సరుగుడు చెట్లు కొట్టే పనికి వెళ్లిపోయాడు.

చెంచమ్మ మాత్రం కావలి మానలేదు. మానితే గింజల్లేవు. అత్త మూడేళ్లు ఆమె చేతి కూడు తిన్నది, ఒక్క మాట మాట్లాడకుండా చచ్చిపోయింది.

ఆ మరుసటేడు వానలు మొదట్లో నాలుగు పడి ఆగిపోయాయి. సంక్రాంతి రాకముందే చెరువు ఎండింది. తల్లిపిట్టలు పిల్లలను వదిలి ఎగిరిపోయాయి. నెర్రెలిచ్చిన బురదలో పిల్లలు నోళ్లు తెరుచుకుని పడి ఉంటే, రైతులు బండ్లు తోలుకొచ్చి చచ్చినవాటినీ బతికినవాటినీ కలిపి ఎరువుకు ఎత్తారు.

"బతికుండాయయ్యా!" అంటూ చెంచమ్మ జయరామయ్య బండి చక్రాన్ని పట్టుకుంది.

"నీళ్లు లేని చెరువుకు కావలెందుకే? ఇంక నీకు గింజల్లేవు, ఫో!" అన్నాడాయన.

ఆదెయ్య ఉన్నాడని విన్న శ్రీహరికోటకు ఆమె పడవెక్కి పోయింది. సరుగుడు తోపులో ఆదెయ్య గొడ్డలి పట్టుకుని కనిపించాడు. వెనక ఎవరో ఆడమనిషి అతను కొట్టిన కట్టెలు పేరుస్తోంది. అతను ఉన్న ఒక్క కన్నూ ఇటు తిప్పాడు.

"పిట్టలెట్టుండాయి?"

"పోయినాయి."

అతను చెట్టు వైపు తిరిగి మళ్లీ గొడ్డలి ఎత్తాడు. మేస్త్రీ చెంచమ్మను కూడా పనిలో పెట్టుకున్నాడు. ఆదెయ్య నరికిన మొద్దులను ఆమె రెండేళ్లు రేవుదాకా నెత్తిన మోసింది. అతను ఆమెతో మరో మాట ఆడలేదు.