మణెమ్మ ఎంగిలి కంచం

నెల్లికుదురు పక్క పల్లెలో మణెమ్మను ఎరగని ఇల్లు లేదు. చదివింది ఊరి బడిలో ఐదో తరగతే అయినా మహిళా సంఘానికి తొలి లీడరు ఆమే. నాట్లకు ఆమె గుంపు దిగిందంటే పొద్దు గూకేలోగా మడి పచ్చబడాల్సిందే. ఊళ్లో బెల్టు షాపు మూయించింది. మిరప పండించి డాబా ఇల్లు కట్టింది. ఈ సంగతులు ఆమె నోట విననివాళ్లు తక్కువ. చెప్పడానికి ఆమెకు విసుగూ తక్కువే.

అలాంటి మనిషికి మోకాలి ఆపరేషన్ అయ్యాక వంగడం కష్టమైంది. కోడలు స్రవంతి అంగన్‌వాడీ టీచరు, పొద్దున్నే వెళ్లాలి. అందుకని బోళ్లు తోమడానికి, వాకిలి ఊడ్వడానికి తండా నుంచి మోతీ అనే ఆమెను జీతానికి కుదిర్చింది.

మణెమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆమె ఎరిగింది బదులు పని. ఈ రోజు నీ మడిలో నేను నాటు వేస్తే, రేపు నా మడిలో నువ్వు వేస్తావు. మరి తన ఎంగిలి కంచం ఒకరు కడిగితే, తిరిగి తను చేసేదేముంది? అందుకే మోతీ రాకముందే కర్ర ఊతంతో లేచి, పీట మీద కూర్చుని, బోళ్లన్నీ తోమి బోర్లించేది. వాకిలి కూడా సగం ఊడ్చేసేది. మోతీ వస్తే కూర్చోబెట్టి చాయ పోసి, సంఘం ముచ్చట్లు చెప్పేది.

ఒకనాడు మోతీ చాయ ముట్టలేదు. గడప అవతలే నిలబడి, రేపటి నుంచి రానంది. ఎందుకని మణెమ్మ అడిగింది.

"మేం లంబాడోళ్లం. మా చెయ్యి తాకిన బోళ్లల్ల తినబుద్ధి కాకుంటే మొదలే చెప్పాలె గదా అవ్వా. ఉత్తగ కూసోవెట్టి జీతమిస్తే నాకు నామోషీ గాదా?"

తండా ఆడవాళ్లతో ఒకే గట్టు మీద కూర్చుని జొన్నరొట్టె పంచుకు తిన్న మనిషి మణెమ్మ. ఆ మాట అనబోయి మింగేసింది. అది ఇప్పుడు పనికొచ్చే జవాబు కాదు.

"నీ చెయ్యి గాదు బిడ్డా, నా సిగ్గు. నా ఎంగిలి ఒకరి ముంగట పెట్టుడు నాకు చాతగాదు. నీకు బదులు చేద్దామంటే నడవనే రాకపాయె."

"జీతం ఇస్తలేరా? గదే బదులు. మిరపకాయ ఏరవోతే చేతులు మండి అన్నం గుడ ముద్ద కలపరాదు. ఈడ నీడపట్టున పని దొరికిందని నేను సంబురపడుతున్న. నువ్వేమో నా పని నువ్వే చేసి, మోకాలు ఖరాబు చేసుకుంటున్నవ్."

మణెమ్మ ఇంకా ఏమీ తినలేదు. మోతీని లోపలికి పిలిచి, ఆమె ఎదుటే చద్దన్నంలో మామిడి తొక్కు కలుపుకుని తింది. కంచంలోనే చెయ్యి కడిగి, అలవాటుగా లేవబోయి ఆగింది. రెండు చేతులా కంచం పట్టి మోతీకి అందించింది.

మోతీ దాన్ని తీసుకుని నల్లా కాడికి పోయింది. ఆపరేషన్ తర్వాత పొద్దున్నే కాలు చాపుకుని కూర్చోవడం మణెమ్మకు అదే మొదలు. మోకాలి మీద ఎండ హాయిగా పడుతోంది.

"సల్లగుండు బిడ్డా" అంది మెల్లగా. నీళ్ల చప్పుడులో మోతీకి వినపడిందో లేదోనని, మళ్లీ గట్టిగా అంది.