గుడ్ ఫ్రైడే హాజరు

పోయిన మొత్తం ముందు చెబుతాను. పద్దెనిమిది మంది ఆడకూలీలకు తలా నాలుగు రోజుల కూలి, రోజుకు నూట ముప్పై చొప్పున తొమ్మిది వేల మూడు వందల అరవై రూపాయలు. పదేళ్ల కిందట వేసవి చివర, రొంపిచెర్ల మండలంలోని ఒక ఊరికి ఉపాధి పనుల సామాజిక తనిఖీకి నన్ను వేశారు. నేను చదివింది పదో తరగతి. లెక్కలు మిరపకాయల కాటా దగ్గర నేర్చుకున్నాను.

కూలీల హాజరు పట్టీని మస్టరు అంటారు. దాన్ని మండలాఫీసు నుంచి తెచ్చుకుని, ఇల్లిల్లూ తిరిగి సరిచూసి, ఆఖరున ప్రజావేదికలో, అంటే అధికారుల ఎదుట ఊరంతా కూర్చున్న సభలో, మైకులో చదవాలి.

కాలువ పూడిక తీసిన జట్టుకు పెద్ద మరియమ్మ. ఇంటికి వెళ్లి అడిగితే ఆమె నోరు విప్పలేదు. పనులు పంచి, మస్టరులో హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంటు ఆ ఊరివాడే. అతనికి కోపమొస్తే వచ్చే వేసవికి జట్టుకు పని ఉండదు.

సభలో వరసగా చదువుతూ, గుడ్ ఫ్రైడే నాడు మరియమ్మ హాజరు అన్నాను.

"ఏందే మరియమ్మా, ఆ రోజు చర్చీలో నా పక్కనే కూచున్నావుగా, పార ఎప్పుడు పట్టావే?" అంది వెనక నుంచి ఒకామె. అందరూ నవ్వారు.

ఫీల్డ్ అసిస్టెంటూ నవ్వి, "చెప్పక్కా, ఆ డబ్బులు నీకే పడ్డయ్ గదా" అన్నాడు. ఆమె నోరు మూయించడానికి వేసిన హాజరు అది.

మరియమ్మ లేచి కొంగుముడి విప్పింది. నూట ముప్పై లెక్కపెట్టి నా బల్ల మీద పెట్టింది.

"పడ్డయ్. పని చెయ్యలా. ఇయ్యిగో, తీసుకోండయ్యా. మేం చేసిన నాలుగు రోజులూ ఎవరి పేర రాశాడో, అదీ మైకులో చదవండి."

చదివాను. వేరే పద్దెనిమిది పేర్లు. ఒక్కరూ కాలువలోకి దిగినవాళ్లు కారు. నలుగురు ఆ సభలోనే కూర్చుని ఉన్నారు. జట్టులో ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి తమ నాలుగు రోజులూ చెప్పారు. ఆ డబ్బు ఫీల్డ్ అసిస్టెంటే తిరిగి కట్టాలని అధికారులు రికవరీ ఆర్డరు అక్కడే రాశారు. అతన్ని పనిలోంచి తీసేశారు. మరుసటి వేసవీ జట్టుకు పని దొరికింది.

ఇప్పుడీ పట్టీలు ఫోన్‌లోనే చూసుకోవచ్చు, మంచిదే. అయినా ఆ టార్పాలిన్ పట్టా, గరగరలాడే మైకు, పేరు చదవగానే జనంలో ఎక్కడో ఒక తల లేవడం తరచూ గుర్తొస్తాయి.

నాకు తెలిసిందొకటే. పద్దు బయట చదివితే తప్పు ఒక్క పూటలో తేలుతుంది. డబ్బు రాబట్టడం వేరే పని. మరియమ్మ నూట ముప్పైకి ఆ రోజే రశీదు రాశాను. ఫీల్డ్ అసిస్టెంటు మూడు వేల నూట ఇరవై కట్టి ఆగాడు. ఆరు వేల రెండు వందల నలభై రూపాయలు నేటికీ బాకీ.